నీరు మిగిలిన వకీటా, నీరు పోయిన ఆక్సోలాటల్

ఒక జాతి అంతరించిపోతోందని వినగానే మనం మొదట అడిగే ప్రశ్న, ఇంకా ఎన్ని మిగిలాయి అని. మెక్సికోకు మాత్రమే చెందిన రెండు జలచరాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, ఆ ప్రశ్న మనల్ని ఎంతగా పక్కదారి పట్టించగలదో నాకు స్పష్టమైంది. మొదటిది వకీటా అనే చిన్న సముద్ర క్షీరదం. కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తరపు కొసన తప్ప ప్రపంచంలో మరెక్కడా అది లేదు. ఉన్నవి కూడా పదికి అటూ ఇటూ. రెండోది ఆక్సోలాటల్ అనే ఉభయచరం. మెక్సికో నగరపు దక్షిణ భాగంలోని సోచిమిల్కో కాలువలు దాని పుట్టినచోటు; అయితే ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లోనూ ఇళ్లలోని అక్వేరియంలలోనూ అవి లక్షల సంఖ్యలో పెరుగుతున్నాయని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రకటించే ఎర్ర జాబితా ఈ రెండింటినీ ఒకే వర్గంలో, అంటే అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల వర్గంలో ఉంచింది: వకీటాను 1996లో, ఆక్సోలాటల్‌ను 2006లో. ఒకే గడిలో చేరిన ఈ రెండింటి కష్టాలు దాదాపు ప్రతి విషయంలోనూ ఒకదానికొకటి ఎదురు దిశలో ఉన్నాయి. పది మిగిలిన వకీటాకు తిరిగి కోలుకునే దారి, లక్షలు మిగిలిన ఆక్సోలాటల్ దారి కంటే ఒక విధంగా దగ్గరిదని నేను నమ్ముతున్నాను. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన తెలుగు విద్యార్థులకు ఆక్సోలాటల్ పేరు కొత్తది కాదు. డింభక దశలోనే ప్రత్యుత్పత్తి జరిపే జీవిగా ఉభయచరాల పాఠంలో దాన్ని ఉదాహరణగా చెబుతారు, పరీక్షలో లఘుప్రశ్నగా అడుగుతారు, అక్కడితో వదిలేస్తారు. కప్ప నీటిలో తోకకప్పగా పుట్టి, మొప్పలనూ తోకనూ పోగొట్టుకుని నేల మీదికి వస్తుంది. ఆక్సోలాటల్‌కు కాళ్లు మొలుస్తాయి, ఊపిరితిత్తులు కూడా ఏర్పడతాయి. కాని తలకు ఇరుపక్కలా విచ్చుకుని ఉండే మూడేసి మొప్పలు, ఈతకు పనికివచ్చే తోకపొర జీవితాంతం అలాగే ఉండిపోతాయి. ఆ రూపంలోనే అది జత కట్టి, వందల గుడ్లు పెట్టి, పది పదిహేనేళ్లు నీటిలోనే గడిపేస్తుంది. రూపవిక్రియను నడిపించే థైరాయిడ్ హార్మోన్ దాని శరీరంలో చాలినంత తయారు కాకపోవడం ఇందుకు కారణం. ఆ హార్మోన్‌ను బయటినుంచి అందిస్తే అది మొప్పలు కోల్పోయి నేల మీద తిరిగే సాలమాండర్‌గా మారిపోతుంది. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున, ఏడాది పొడవునా చల్లటి మంచినీరు నిలిచి ఉండే సరస్సులో, తనను వేటాడే పెద్ద చేపలు లేని చోట పరిణామం చెందిన జీవికి నేల మీదికి రావలసిన అవసరం కలగలేదు. ఈ అంశాన్ని పాఠ్యపుస్తకం ఒక వింతగా చెప్పి ఊరుకుంటుంది గాని, దాని విషాదానికి మూలం కూడా ఇక్కడే ఉంది. చెరువు ఎండితే కప్ప గట్టు దాటి మరో చెరువు వెతుక్కోగలదు. నీటిని విడిచి వెళ్లలేని ఉభయచరానికి ఆ అవకాశం లేదు.

మెక్సికో లోయలో ఒకప్పుడు ఒకదానితో ఒకటి కలిసిన ఐదు సరస్సులు ఉండేవి. వాటిలో దక్షిణాన ఉన్న సోచిమిల్కో, చాల్కో సరస్సులు ఊటలతో నిండే మంచినీటి సరస్సులు. ఆక్సోలాటల్ వాటి జీవి. అజ్టెక్ ప్రజలూ వారికి ముందువారూ ఆ లోతు తక్కువ నీటిలో బురదను, నీటిమొక్కలను పొరలుపొరలుగా పేర్చి, అంచుల్లో విల్లో చెట్లు నాటి, చినాంపాలు అనే పంటమళ్లను కట్టుకున్నారు. మడికీ మడికీ మధ్య కాలువ ఉండేది. కాలువ అడుగున చేరిన సారవంతమైన బురదను రైతు ఎత్తి మడి మీద వేసేవాడు, అందువల్ల పంటా పండేది, కాలువా పూడిపోకుండా ఉండేది. ఆ కాలువల అంచుల్లో, నీటిమొక్కల వేళ్ల నడుమ ఆక్సోలాటల్ గుడ్లు పెట్టేది. అడవి జంతువు మనిషి లేని చోటే వర్ధిల్లుతుందన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. శతాబ్దాల తరబడి సేద్యం జరిగిన నీటిలో ఆక్సోలాటల్ వర్ధిల్లిందన్న సంగతి ఆ అభిప్రాయాన్ని సరిదిద్దుతుంది.

ఆ తర్వాత జరిగినది ఒక్కసారిగా జరిగినది కాదు, ఒక్కరు చేసినదీ కాదు. వరదల భయంతో స్పానిష్ పాలకులు లోయలోని నీటిని బయటికి మళ్లించే పనులు మొదలుపెట్టారు. చాల్కో సరస్సును 20వ శతాబ్దం ఆరంభానికి పంటపొలాల కోసం ఎండగట్టేశారు. అదే కాలంలో పెరుగుతున్న రాజధానికి తాగునీరు కావలసివచ్చి, సోచిమిల్కోను నింపుతున్న ఊటలను గొట్టాల్లోకి మళ్లించారు. ఊటలు పోయాక కాలువల్లో నీటిమట్టం నిలబెట్టడానికి నగరపు మురుగునీటిని శుద్ధి చేసి వదలడం మొదలైంది. 1970ల తర్వాత ప్రజలకు చవకగా మాంసకృత్తులు అందించాలన్న సదుద్దేశంతో కార్ప్, తిలాపియా చేపలను ఆ కాలువల్లో విడిచిపెట్టారు. మన మార్కెట్లలో జిలేబి అన్న పేరుతో అమ్మే చేప ఈ తిలాపియాయే. ఎక్కడ వదిలినా వేగంగా పెరిగి, ఉన్న జాతులను పక్కకు నెట్టే స్వభావం దానిది. కార్ప్ కాలువ అడుగును కెలుకుతూ మొక్కలతో పాటు ఆక్సోలాటల్ గుడ్లను తినేస్తుంది. తిలాపియా పిల్లల ఆహారానికి పోటీ వస్తుంది, పిల్లలను కూడా వదలదు. ఆ కాలువల ఆహారపు గొలుసులో పైమెట్టున ఉండిన జీవి, పెద్ద చేపల నుంచి దాక్కోవడం ఎలాగో నేర్చుకోవలసిన అవసరం ఎన్నడూ రాని జీవి, ఒక తరం గడిచేసరికి వాటి మేతగా మారింది.

మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ సాంబ్రానో బృందం, ఇతర పరిశోధకులు జరిపిన గణనలను వరుసగా చూస్తే పతనం ఎంత నిటారుగా ఉందో తెలుస్తుంది. 1998లో చదరపు కిలోమీటరు నీటికి సుమారు 6,000 ఆక్సోలాటళ్లు ఉండగా, 2004 నాటికి 1,000, 2008 నాటికి 100, 2014 నాటికి 36 మాత్రమే మిగిలాయి. సోచిమిల్కోను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది 1987లో, చిత్తడినేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద దాన్ని చేర్చింది 2004లో. అంటే ఈ పతనమంతా అంతర్జాతీయ గుర్తింపు నీడలోనే జరిగింది.

కాలువల్లో ఇలా కరిగిపోతున్న కాలంలోనే కాలువ బయట దాని సంతతి పెరుగుతూ వచ్చింది. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కు 34 ఆక్సోలాటళ్లను ఓడలో పంపారు. వాటిలో ఆరింటిని అందుకున్న ఆగుస్ట్ డ్యుమెరిల్ అనే శాస్త్రజ్ఞుడు జంతుప్రదర్శనశాలలో పెంచగా, అవి విరివిగా పిల్లలను కన్నాయి. వాటి సంతతి ఐరోపా అంతటికీ, అక్కడినుంచి అమెరికాకు చేరింది. నేటి ప్రయోగశాలల్లోని ఆక్సోలాటళ్లలో అధికభాగం ఆ ఓడలో వచ్చినవాటి వారసులే. తెగిన కాలు, దెబ్బతిన్న వెన్నుపాము, దవడ, గుండెలో కొంత భాగం కూడా మచ్చ లేకుండా మళ్లీ మొలిపించుకోగల శక్తి దానిది కావడంతో వైద్యపరిశోధనకు అది అమూల్యమైంది. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం దేశదేశాల ప్రయోగశాలలకు వాటిని సరఫరా చేసే కేంద్రాన్నే నడుపుతోంది. మానవ జన్యుపటం కంటే సుమారు పదిరెట్లు పెద్దదైన దాని జన్యుపటాన్ని 2018లో ప్రచురించారు. 2021లో మెక్సికో విడుదల చేసిన 50 పెసోల నోటు మీద దాని బొమ్మ వచ్చింది. అదే ఏడాది పిల్లలు ఆడే మైన్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లోకి కూడా చేరడంతో, హైదరాబాద్‌లోని పిల్లలకు కూడా దాని పేరు, ముఖం తెలుసు.

అయితే పిల్లలు గుర్తుపట్టే ఆ గులాబీ ఛాయ తెల్లటి ఆక్సోలాటల్ కాలువలో కనిపించేది కాదు. సహజమైనది ముదురు గోధుమ రంగులో, బురదలో కలిసిపోయేలా ఉంటుంది. తెల్లరంగు పారిస్ సంతతిలో ఎంచి పెంచిన లక్షణం. లోపలి తేడా ఇంకా పెద్దది. దగ్గరి బంధువుల మధ్యే తరతరాలుగా సాగిన సంతానోత్పత్తి వల్ల ప్రయోగశాల జీవుల్లో జన్యువైవిధ్యం తగ్గిపోయింది. పైగా 1960లలో పరిశోధన అవసరం కోసం టైగర్ సాలమాండర్ అనే మరో జాతితో కలపడం వల్ల నేటి ప్రయోగశాల ఆక్సోలాటల్ జన్యువుల్లో కొంత భాగం పరాయిది. తొట్టెలో ఉన్న లక్ష ఆక్సోలాటళ్లను తెచ్చి సోచిమిల్కోలో పోసినంత మాత్రాన పోయినది తిరిగి రాదని నేను అనడానికి ఇది ఒక కారణం. ఇంతకంటే పెద్ద కారణం కాలువే: ఆ నీరు, ఆ చేపలు ఉన్నంతకాలం ఎన్ని పోసినా అవి మళ్లీ అదే 36 వైపు జారుతాయి.

ఇప్పుడు వకీటా దగ్గరికి వస్తాను. తిమింగిలాలు, డాల్ఫిన్లు, వాటిని పోలిన పోర్పాయిజ్‌లు అన్నింటిలో అతి చిన్నవాటిలో ఒకటైన ఈ జీవి ఒకటిన్నర మీటరు పొడవు, సుమారు 50 కిలోల బరువు ఉంటుంది. కళ్ల చుట్టూ నల్లటి వలయాలు, నల్లటి పెదవులు, శరీరానికి మించి ఎత్తుగా కనిపించే వీపు రెక్క దాని గుర్తులు. డాల్ఫిన్‌లా పడవల వెంట ఉరకదు; మోటారు చప్పుడు వినగానే తప్పుకుంటుంది. అందువల్లే కావచ్చు, మనిషికి అది ఆలస్యంగా తెలిసింది. 1958లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టింది కూడా తీరంలో దొరికిన పుర్రెల ఆధారంగానే; తాజా శరీరాన్ని చూసి దాని బాహ్యరూపాన్ని వివరంగా నమోదు చేయగలిగింది 1980లలో, అవి కూడా వలల్లో చిక్కి చనిపోయిన వకీటాలు. శాస్త్రానికి అది పూర్తిగా పరిచయమైన మార్గమే దాని చావు మార్గం కావడం నన్ను చాలా కలవరపెట్టిన విషయం.

వకీటాను ఎవరూ వేటాడరు. దాని మాంసానికి, చర్మానికి, నూనెకు సంత లేదు. అదే సింధుశాఖలో పుట్టి పెరిగే టోటోఆబా అనే చేప కోసం, రొయ్యల కోసం వేసే గిల్ నెట్లలో అది చిక్కుకుంటుంది. నీటిలో గోడలా నిలబెట్టే ఈ వలలో టోటోఆబా తల దూరి మొప్పల దగ్గర పట్టుబడుతుంది. రెండు మీటర్ల వరకు పెరిగే ఆ చేపకూ ఒకటిన్నర మీటరు వకీటాకూ ఒకే కొలత వలకన్ను సరిపోతుంది. ఊపిరి కోసం పైకి రావలసిన క్షీరదం కనుక వలలో చిక్కిన కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. 1990ల ఆరంభంలో జరిగిన ఒక అధ్యయనం, ఎల్ గోల్ఫో దె సాంటా క్లారా అనే ఒక్క రేవు పడవల వలల్లోనే ఏడాదికి సుమారు 39 వకీటాలు చనిపోతున్నాయని లెక్కగట్టింది. మొత్తం సంఖ్య వందల్లో ఉన్న జాతికి, ఒక కాన్పులో ఒకే ఒక్క పిల్లను కనే జాతికి, ఆ నష్టం పూడ్చుకోగలిగేది కాదు.

టోటోఆబా వెనుక ఉన్న కథ మన కోస్తా పాఠకులకు వివరించనక్కరలేనిది. కాకినాడ, కోనసీమ తీరాల్లో కచ్చిడి చేప పడిందంటే మరునాడు పత్రికల్లో వార్త; ఒక్క చేపకు లక్షల రూపాయలు పలకడానికి కారణం దాని కడుపులోని గాలితిత్తి. కచ్చిడీ, టోటోఆబా ఒకే కుటుంబానికి చెందిన చేపలు. చైనా తీరంలో అదే కుటుంబానికి చెందిన బహాబా అనే చేప గాలితిత్తికి విపరీతమైన గిరాకీ ఉండేది. అతిగా పట్టడం వల్ల అది దాదాపు కనుమరుగైపోగా, ఆ గిరాకీ మహాసముద్రం దాటి టోటోఆబా మీద పడింది. సూపులో వేసుకోవడానికి, విలువైన కానుకగా ఇవ్వడానికి, దాచిపెట్టి తర్వాత అమ్ముకోవడానికి ఎండబెట్టిన తిత్తిని కొంటారు. కిలోకు వేల డాలర్లు పలికే సరుకు కావడంతో, మాదకద్రవ్యాలు నడిపే ముఠాలు కూడా ఈ వ్యాపారంలోకి దిగాయి. మెక్సికోలో టోటోఆబా వేటను 1975లోనే నిషేధించారు. 1993లో ఆ ప్రాంతాన్ని జీవావరణ రిజర్వుగా, 2005లో అందులో కొంత భాగాన్ని వకీటా ఆశ్రయంగా ప్రకటించారు; గిల్ నెట్ల మీద 2015లో రెండేళ్ల నిషేధం, 2017లో శాశ్వత నిషేధం వచ్చాయి. అయినా రాత్రిపూట పడవలు వెళ్తూనే ఉన్నాయి.

సంఖ్యలు ఇలా పడిపోయాయి: 1997లో 567, 2008లో 245, 2015లో సుమారు 60, 2016లో 30. కంటికి చిక్కని జీవి కనుక, అది చేసే క్లిక్ శబ్దాలను నీటి అడుగున ఉంచిన పరికరాలతో రికార్డు చేసి తగ్గుదలను కొలిచారు. 2011 నుంచి ఏటా మూడోవంతు చొప్పున, తర్వాతి ఏళ్లలో దాదాపు సగం చొప్పున తగ్గినట్టు ఆ శబ్దాలు చెప్పాయి. 2018 నాటికి 20 కూడా మిగలలేదు. అప్పటినుంచి మాత్రం సంఖ్య పూర్తిగా సున్నాకు జారకుండా నిలబడింది. 2023 పరిశీలనలో 10 నుంచి 13 వరకు, 2024లో 6 నుంచి 8 వరకు కనిపించాయి. 2023లో కనిపించినవాటిలో పిల్ల కూడా ఉంది; బలంగా, ఆరోగ్యంగా ఉన్నాయని చూసినవారు రాశారు.

ఇక్కడ రెండు ప్రాణుల మధ్య అసలు భేదం తేటపడుతుంది. కొలరాడో నది మీద అమెరికా కట్టిన ఆనకట్టల వల్ల మంచినీరు రాక సముద్రం నిస్సారమై వకీటా చనిపోతోందన్న వాదన ఒకటి చాలాకాలం నడిచింది. వలల నుంచి చూపు మళ్లించాలనుకునే వారికి అది అనుకూలమైన వాదన కూడా. నది సముద్రాన్ని చేరకపోవడం నిజమే, అది ఆ డెల్టాకు పెద్ద నష్టమే. కాని వకీటా చుట్టూ చేపలున్నాయి, చనిపోయినవాటి శరీరాల్లో ఆకలి ఆనవాళ్లు లేవు. దాని నీరు దానికి ఇప్పటికీ సరిపోతోంది. ఆ నీటిలో ఉండకూడని వస్తువు ఒక్కటే ఉంది. సోచిమిల్కోలో పరిస్థితి దీనికి తారుమారు: ఆక్సోలాటల్‌ను ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టడం లేదు, కాని ఊట పోయింది, మొక్క పోయింది, పరాయి చేప వచ్చింది, మురుగు వచ్చింది. తీసివేయవలసినది ఒక్కటి అని అక్కడ ఎవరూ వేలు పెట్టి చూపలేరు.

తొట్టెలో పెంచి కాపాడుకోవడమన్న ఉపాయం వకీటా విషయంలో ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. 2017లో మెక్సికో ప్రభుత్వం, పలుదేశాల నిపుణులు కలిసి, అమెరికా నౌకాదళం శిక్షణ ఇచ్చిన డాల్ఫిన్ల సహాయంతో వకీటాలను పట్టి సముద్రంలోనే కట్టిన ఆవరణల్లో ఉంచాలని ప్రయత్నించారు. అక్టోబరులో పట్టిన పిల్ల తీవ్రమైన ఒత్తిడికి లోనవడంతో వెంటనే వదిలేశారు. నవంబరు 4న పట్టిన ఆడ వకీటా మొదట తేరుకున్నట్టు కనిపించినా, అదే రోజు ప్రాణాలు విడిచింది. అక్కడితో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. ముప్పై కూడా మిగలని జాతిలో, పిల్లలను కనగల ఒక ఆడజీవి కాపాడాలని చూసిన చేతుల్లోనే పోయింది. ఆ నిపుణులను నిందించాలని నాకెప్పుడూ అనిపించలేదు. వారు జంకుతూనే, మరో దారి కనిపించకనే ఆ పనికి దిగారు. ఒక జీవి తొట్టెలో వేలసార్లు పిల్లలను కంటుంది, మరొకటి కొన్ని గంటలు కూడా బతకదు. ప్రకృతి వకీటాకు సముద్రం తప్ప మరో చోటు ఇవ్వలేదు.

అయినా నా ఆశకు ఆధారం 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన జన్యు అధ్యయనం. పది మిగిలిన జాతి రక్తసంబంధంలోనే జత కట్టక తప్పదు కనుక, లోపాలు పెరిగి ఎలాగూ నశిస్తుందని చాలామంది శాస్త్రజ్ఞులు కూడా అనుకునేవారు. 1985 నుంచి 2017 వరకు సేకరించిన 20 వకీటాల జన్యుపటాలను చదివిన పరిశోధకులు వేరే చిత్రాన్ని చూశారు. వకీటా లక్షల ఏళ్లుగా కొన్ని వేల సంఖ్యలోనే ఉన్న జాతి. అంత చిన్న సమూహంలో హానికరమైన జన్యువులు తరతరాలుగా బయటపడి తొలగిపోతూ వచ్చాయి. అందువల్ల దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లలు కూడా ఆరోగ్యంగా ఉండే అవకాశం ఎక్కువ. వలల్లో చావులు పూర్తిగా ఆగితే రాబోయే 50 ఏళ్లలో జాతి అంతరించే అవకాశం 6 శాతమేనని వారి అంచనా. చావులు 80 శాతం తగ్గినా సరే, ఆ అవకాశం 62 శాతానికి ఎగబాకుతుంది. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని పాఠకులు ఒకసారి నిలిచి చూడాలని కోరుతున్నాను. చాలావరకు అమలైన నిషేధం ఇక్కడ చాలదు. 225 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో వేటకు ఏమాత్రం తావివ్వని మండలంలో 2022లో మెక్సికో నౌకాదళం కొక్కేలు అమర్చిన 193 కాంక్రీటు దిమ్మెలను సముద్రపు అడుగున దింపింది. వలలు వాటికి తగులుకుని చిరిగిపోతాయన్న భయంతో ఆ మండలంలోకి గిల్ నెట్లు రావడం బాగా తగ్గిపోయింది. దశాబ్దాల ప్రకటనలు చేయలేకపోయిన పనిని ఆ దిమ్మెలు చేయగలిగాయి. కాని వకీటాలు మండలపు గీత దాటి కూడా తిరుగుతాయి, గీత అవతల వాటికి అంతటి రక్షణ లేదు.

ఆక్సోలాటల్ కోసం ఇలాంటి దిమ్మె వేయలేం. అక్కడ సాంబ్రానో బృందం, చినాంపా రైతులు కలిసి చేస్తున్న పని వేరే తరహాది. కాలువలో కొంత భాగాన్ని వేరుచేసి, దాని రెండు కొసల్లో నీటిని వడగట్టే మొక్కలు, కార్ప్, తిలాపియాలు దూరకుండా ఆపే అడ్డుకట్టలు ఏర్పాటు చేస్తారు. లోపలి నీరు క్రమంగా తేటపడుతుంది, నీటిమొక్కలు, చిన్న పురుగులు తిరిగివస్తాయి, అప్పుడే ఆక్సోలాటల్‌కు చోటు. దీనికి రైతు పురుగుమందులు మానాలి, బురద ఎత్తాలి, గట్లు కాపాడాలి, అంటే పూర్వపు సేద్యాన్ని కొనసాగించాలి. తొట్టెలో పుట్టినవి బయట బతకగలవా అన్న సందేహానికి 2025లో ప్రచురించిన ఒక అధ్యయనం మంచి జవాబు ఇచ్చింది: ఇలా పునరుద్ధరించిన చినాంపా కాలువలోనూ ఒక కృత్రిమ చిత్తడినేలలోనూ 18 ఆక్సోలాటళ్లను వదిలి రేడియో పరికరాలతో గమనించగా, పరిశీలన కాలమంతా అవి బతికాయి, తిరిగి పట్టి తూచినవి బరువు పెరిగాయి. వేటాడటం, దాక్కోవడం వాటికి మరచిపోయిన విద్యలు కావని దీనివల్ల తెలిసింది. నాకు ఇది గొప్ప సంతోషాన్నిచ్చిన వార్త. అయితే ఆ 18 బతికింది ముందుగా సిద్ధం చేసిన నీటిలో. బాగుచేయవలసిన కాలువలు ఇంకా ఎన్నో ఉన్నాయి, చినాంపాలు కొన్ని పాడుపడి, కొన్ని ఫుట్‌బాల్ మైదానాలుగా మారిపోతున్నాయి, నగరం అంచు నుంచి ఇళ్లు చొచ్చుకువస్తున్నాయి.

ఈ పోలికలో నన్ను అన్నింటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది మనుషుల పాత్ర. వకీటాకు మనిషి ఒక పని మానుకోవాలి. ఆక్సోలాటల్‌కు మనిషి ఒక పని మానకుండా ఉండాలి. రెండు చోట్లా ఆ భారం పడేది చిన్న కుటుంబాల మీద. కాలిఫోర్నియా సింధుశాఖ ఒడ్డునున్న సాన్ ఫెలిపే మత్స్యకారుడికి గిల్ నెట్ తప్ప మరో జీవనాధారం చూపకుండా నిషేధం విధిస్తే, అతడు అప్పుతో కొన్న పడవను ఒడ్డున కట్టేసి కూర్చోలేడు. తిత్తి కొనే దళారి అతడి గుమ్మం దగ్గరే ఉంటాడు. 2015లో మొదలైన నష్టపరిహారం 2018 తర్వాత ఆగిపోయింది. వకీటాకు హాని చేయని చిన్న ట్రాల్ వలలతో రొయ్యలు పట్టవచ్చని నిరూపించినా, వాటిని పడవ పడవకూ చేర్చి, వాటికి తగిన ధర దక్కేలా చూసే పని సగంలోనే నిలిచింది. సోచిమిల్కోలో యువకుడు బురదలో నడుము వంచి పాలకూర పండించడం కంటే నగరంలో ఉద్యోగం మేలనుకుంటే అతణ్ణి తప్పుపట్టలేం. అందుకే అక్కడి విశ్వవిద్యాలయం ఆ మడుల పంటను ఆక్సోలాటల్‌ను కాపాడే పంటగా ప్రత్యేక గుర్తింపుతో, మెరుగైన ధరకు అమ్మించే ప్రయత్నం చేస్తోంది.

నా చేతిలో నిర్ణయం ఉంటే వకీటా కోసం వచ్చే నిధుల్లో మొదటి భాగాన్ని వల మార్చుకోవడానికి సిద్ధపడిన పడవలకు, ఏటా ఆగకుండా ఇస్తాను. రెండో భాగాన్ని మండలపు గీత బయట కూడా మరిన్ని దిమ్మెలు దింపడానికి, గస్తీకి కేటాయిస్తాను. వకీటాకు సమయం లేదు, కాని చేయవలసిన పని స్పష్టంగా ఉంది. ఆక్సోలాటల్ కోసం తొట్టెల్లో పెంచడానికి ఇచ్చే సొమ్ము ఇప్పటికే చాలినంత ఉంది. ఇకపై ప్రతి రూపాయి కాలువకు వెళ్లాలి, ఊటనీటిలో కొంత భాగమైనా సరస్సుకు తిరిగి వదిలేలా నగరంతో ఒప్పందం కుదరాలి. ఇంట్లో అక్వేరియం పెట్టుకుని ఆక్సోలాటల్‌ను పెంచుతూ, ఆ జాతి క్షేమంగానే ఉందని భావించే మిత్రులు మన మధ్య కూడా ఉన్నారు. వారి ప్రేమను నేను శంకించను. చినాంపా రైతులకూ ఆ కాలువల పునరుద్ధరణకూ విరాళంగా ఒక ఆక్సోలాటల్‌ను దత్తత తీసుకునే పథకాన్ని సాంబ్రానో బృందం నడుపుతోంది. తొట్టెకు మరో ఆక్సోలాటల్ కొనే డబ్బును వారు ఆ పథకానికి పంపగలిగితే, అది చేరవలసిన నీటికి చేరుతుంది.